కాలు ఇరిగింది, పదకొండు రోజుల్ల జెనీవా పోవాలె, బడ్జెట్‌ల కాలికి లైను లేదు

పాలమూరు_దారి

అందరికి నమస్తే. జర పెద్దగనే రాస్తున్న, ఓపికతోని చదివి తెలిసినోళ్ళు చెప్పండి.

నేను పాలమూరు దిక్కు ఒక చిన్న సంస్థల పన్నెండేండ్ల సంది పని చేస్తున్న. వికలాంగుల సంఘాలతోని పని. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులకు తోల్కపోవుడు, పింఛన్ ఆగితె ఆఫీసుల చుట్టు తిరుగుడు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుల్ల పేర్లు తప్పు పడితె దిద్దిపిచ్చుడు, ఇదే పని. పోయిన శనివారం ఒక ఆఫీసు మెట్లు దిగుతున్న, చేతిల ఇరవై రెండు అప్లికేషన్ల ఫైలు ఉండె, మెట్టు అంచు పెచ్చు ఊడి ఉన్నది చూడలే, ఎడమ పాదం లోపలికి మడత పడ్డది. టప్‌మని చప్పుడు నాకే ఇనపడ్డది. ఎక్స్‌రే తీస్తె ఐదో మెటటార్సల్, అంటె చిటికెన వేలు దిక్కు ఉండే పొడుగు ఎముక, దాని మొదట్ల చిన్న ముక్క ఊడింది అన్నరు. ఆపరేషన్ వద్దు, మోకాలు కింది దాంక వచ్చే బూటు ఏసుకొని ఆరు వారాలు జాగ్రత్తగ ఉండుమన్నరు, నొప్పి ఓర్చుకునేంత బరువు పెట్టొచ్చు అన్నరు.

ఇగ సంగతి ఏందంటె పదకొండు రోజుల్ల జెనీవా పోవాలె. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ కూసునే టైముల పక్కన ఒక మీటింగు ఉన్నది, అండ్ల మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. టికెట్ వాపసు రాదు.

అసలు పోవాల్సింది నేను కాదు. మా సంఘం అధ్యక్షుడు పోవాలె. రెండు కాళ్ళకు పోలియో, చిన్నప్పటి సంది చంక కర్రల మీదనే. ఆయనకు తోడుగ ఒక మనిషి కావాలె, బ్యాగు మోసుడు, బాత్రూం దగ్గర సాయం. దాతలు ఏమన్నరంటె డెలిగేట్ టికెట్ ఇస్తం గని తోడు మనిషి టికెట్ రూల్స్‌ల లేదు అన్నరు. ఏడు మెయిళ్ళు రాసిన. వికలాంగుల భాగస్వామ్యం అని ప్రాజెక్టు పేరులనే ఉన్నది, తోడు మనిషికి పైసల్ లెవ్వు. ఆఖరికి నా పేరు పెట్టిన్రు. ఇప్పుడు నా కాలు గూడ పాయె.

వీల్‌చైర్ ఎట్ల అడగాలె, బూటుతోని విమానం ఎక్కనిస్తరా, అక్కడ తిరుగుడు ఎట్ల, చెప్పండి.

గల్ఫ్_గాలి

అక్కా, నేను ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ డ్యూటీ చేస్తా, తొమ్మిదేళ్ళయింది, రోజూ ఇదే పని కాబట్టి నా మాట వినండి. ముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి వీల్‌చైర్ రాయించండి, కనీసం 48 గంటల ముందు. ఊరికే వీల్‌చైర్ కావాలి అనొద్దు. ఇందులో మూడు రకాలు ఉంటాయి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు దూరం నడవలేరు అని, డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు గానీ లోపల సీటు దాకా నడవగలరు అని, డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా కూడా మోసుకెళ్ళాలి అని. మీకు ఎస్ రాయించండి. చాలామంది మొహమాటానికి నడుస్తాలే అంటారు, వాళ్ళు ఆర్ పెట్టేస్తారు, తీరా విమానం దూరంగా ఆపి బస్సులో తీసుకెళ్తే ఇరవై మెట్లు దిగాలి, అప్పుడు కింద లిఫ్ట్ బండి ఉండదు. ఎస్ అని ఉంటే ఆ బండి పంపించాల్సిందే.

హైదరాబాద్ నుంచి జెనీవాకి నేరుగా లేదు కదా, ఎక్కడో మారాలి. మారే చోట కనీసం మూడు గంటలు గ్యాప్ ఉందో లేదో చూడండి, గంటన్నర ఉంటే మార్పించండి. వీల్‌చైర్ వాళ్ళని అందరూ దిగాక ఆఖర్న దింపుతారు, అందులోనే అరగంట పోతుంది.

ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు కాళ్ళు చాపుకోవచ్చు అని తీసుకోకండి, మీకు ఇవ్వరు. నడవా పక్కన సీటు తీసుకోండి, ఎడమ కాలు కదా, కాలు నడవాలోకి వచ్చేలా కుడివైపు వరస అయితే బండి తోసుకెళ్ళేవాళ్ళు తగిలిస్తారు చూసుకోండి.

ఎముకల_వార్డు

ఫిజియోని, బెజవాడ. పైన తమ్ముడు చెప్పింది కరెక్టే, సీటు విషయంలో ఇంకో మాట, మీకు కావాల్సింది కాలు చాపుకోవడం కంటే గంటకోసారి లేవగలగడం. ఎముక విరిగిన కాలు, పైన పది గంటల కూర్చోడం, రక్తం గడ్డ కట్టే ప్రమాదం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. మీ ఆర్థో డాక్టర్ని సూటిగా అడగండి, నాకు రక్తం గడ్డ కట్టకుండా సూదిమందు కావాలా బిగుతు మేజోడు చాలా అని. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు కాలి నరాల్లో గడ్డ వచ్చిందా, మీరేమైనా హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అది కూడా చెప్పండి. మీ అంతట మీరు మాత్ర కొనుక్కుని వేసుకోకండి.

మీది బూటు కాబట్టి నయం. పిండికట్టు అయితే వేసిన 48 గంటల దాకా చాలా ఎయిర్‌లైన్స్ దూరం ప్రయాణానికి ఒప్పుకోవు, లోపల వాపు వస్తే కట్టు బిగుసుకుపోతుంది, అందుకే తొందరగా వెళ్ళాల్సొస్తే కట్టుని నిలువునా చీలుస్తారు. బూటుకి ఆ బాధ లేదు, పైకి వెళ్ళాక వెల్క్రో ఒక్క పట్టీ వదులు చేసుకోండి. ప్రయాణం చెయ్యొచ్చు అని డాక్టర్ చీటీ, ఎక్స్‌రే ఫోటో ఫోన్లో పెట్టుకోండి.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. ఆ బూటు అడుగు అంగుళం పైనే మందం ఉంటుంది. రెండో కాలికి చెప్పులు వేసుకుంటే నడుము ఒక పక్కకి వంగిపోయి వారానికల్లా కాలి నొప్పి పోయి నడుం నొప్పి పట్టుకుంటుంది. కుడి కాలికి మందం అడుగున్న బూటు కొనండి, అదే మీకు మందు.

చిత్తూరు_చింత

అక్కా మా పక్క పుత్తూరు కట్టు ఉండాది కదా, ఎన్ని ఊర్ల నుంచి వస్తారో జనం. మా నాయనకి చెయ్యి ఇరిగితే ఆడే కట్టిచ్చినాము, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, మూడు కట్లకి బాగైపోయె. ఒకసారి ఆలోచన చెయ్యండి.

ఎముకల_వార్డు

మీ నాన్నగారికి నయమైనందుకు సంతోషం. కానీ అక్క విమానం ఎక్కాలి, బద్దలు కట్టిన గట్టి కట్టుతో ఎక్కితే వాపు వచ్చినప్పుడు వదులు చేసుకునే దారి ఉండదు. బూటులోనే ఉండనివ్వండి.

చిత్తూరు_చింత

సరే సార్, అది నాకు తట్టలేదు.

లెక్కల_పంతులు

నేను స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూస్తాను. రెండు విషయాలు.

ఒకటి ఇన్సూరెన్స్. షెంగెన్ వీసాకి కనీసం 30 వేల యూరోల ట్రావెల్ పాలసీ తప్పనిసరి కాబట్టి మీ దగ్గర ఉండే ఉంటుంది. అది ఎముక విరగకముందు తీసుకున్నారా తర్వాతా? తర్వాతైతే ఈ కాలికి సంబంధించి అక్కడ ఏం జరిగినా పాత గాయం అంటారు. ముందైతే కూడా ఇప్పుడే కంపెనీకి ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. ఎవరో ఒకరు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అంటారు, ఏడాదికి 20 రూపాయలది, అది అందరూ కట్టుకుంటే మంచిదే గానీ మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే, ఎముక విరిగి అతుక్కుంటే అందులో ఒక్క రూపాయి రాదు.

రెండోది, తోడు మనిషి టికెట్. ఆ ఏడు మెయిళ్ళలో మీరు ఏమని అడిగారో తెలీదు గానీ ప్రయాణ ఖర్చు కింద అడిగితే కొట్టేస్తారు. ప్రాజెక్టు రాసేటప్పుడే కార్యక్రమ ఖర్చులో, అందుబాటు ఏర్పాట్లు అని వేరే లైన్ పెట్టాలి, సైగల భాష దుభాషి, బ్రెయిల్ ప్రింటు, తోడు మనిషి ప్రయాణం, విడివిడిగా, ఒక్కో దానికి రేటుతో సహా. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళంలో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 ఉండేది. అందుకే ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ మనిషి మీద పెట్టే ప్రతి రూపాయిని భయంగా చూస్తున్నారు. తోడు మనిషి లేకపోతే ఆ డెలిగేట్ వెళ్ళలేడు అంటే అది పరిపాలన కాదు, అదే కార్యక్రమం. ఆ వాక్యం ప్రపోజల్‌లో ఉండాలి.

గోదారి_గట్టు

పంతులుగారూ మీరు చెప్పింది చదివాక నా కడుపులోది కూడా చెప్పుకోవాలనిపించింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది కదా, ఆ వారం మేం ముంపు ఊళ్ళకి బియ్యం, మంచినీళ్ళు, పసిపిల్లలకి పాలపొడి పడవల మీద చేరేశాం. పడవ ఆయన తన ఇల్లు మునిగిపోయుండి కూడా మూడు రోజులు మాతో తిరిగాడు, డీజిల్ డబ్బులు మాత్రమే పుచ్చుకున్నాడు. నోటుబుక్కు కాయితం మీద వేలిముద్ర వేసిచ్చాడు. ఆర్నెల్ల తర్వాత ఆ ఖర్చు ఒప్పుకోం, జీఎస్టీ బిల్లు కావాలి అన్నారు. వరదలో పడవకి జీఎస్టీ బిల్లు ఎక్కడి నుంచి తేను. నా జీతంలోంచి రెండు విడతలుగా కట్టాను. డబ్బు పోయినందుకు కాదండీ, ఆ వేలిముద్రని నమ్మలేదు చూడండి, అది ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంటది.

ఇంకా ఇలాంటివి చాలా. ప్రాజెక్టు ఏప్రిల్‌లో మొదలు, మొదటి విడత డబ్బులు ఆగస్టులో, రిపోర్టు మాత్రం సెప్టెంబర్ కల్లా. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మా ఫీల్డు పిల్లలు బండ్లకి పెట్రోలు ఎవరు పోశారో ఏ కాలమ్‌లోనూ ఉండదు.

వేసవి_వాన

తప్పుగా అనుకోకండి, నాకు అర్థం కాక అడుగుతున్నా. సేవ అని వచ్చినవాళ్ళు జీతం, టికెట్, టాక్సీ అని లెక్క వేసుకుంటే సేవ ఎలా అవుతుంది? మేం ఇచ్చే వెయ్యి రూపాయలు పేదవాడికి చేరాలనే కదా ఇస్తాం.

పాలమూరు_దారి

తప్పేం లేదు, ఇట్ల అడిగేటోళ్ళు చానామంది ఉంటరు, మా ఇంట్ల గూడ అడుగుతరు. చెప్త ఇనండి.

మీ వెయ్యి రూపాయలు ఒక ముసలామెకు చేరాలంటె ఆమెకు సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్ కావాలంటె స్లాట్ బుక్ చెయ్యాలె, క్యాంపు రోజు పొద్దున ఆరింటికి ఊర్లకెల్లి ఆటో మాట్లాడాలె, ఆమె మంచం మీద నుంచి లేవదు కాబట్టి ఇద్దరు ఎత్తుకోవాలె, అక్కడ డాక్టరు రాకపోతె మళ్ళ నెలకు మళ్ళ అదంత చెయ్యాలె. మీ వెయ్యి అండ్లనే ఉన్నయి. ఆటోల ఉన్నయి, ఎత్తుకున్నోళ్ళ భుజాల్ల ఉన్నయి. ఆ ఎత్తుకునే పిల్లకు నెలకు పదకొండు వేలు ఇస్తున్నం, పీఎఫ్ లేదు, ప్రమాద బీమా లేదు. నా కాలు ఇరిగితె నాకు మా తమ్ముడున్నడు. రేపు ఆమె నడుము పట్టేస్తె ఎవరున్నరు? నేను అడిగేది గదొక్కటే. మనిషి ఒళ్ళు గూడ ఖర్చులనే రాయాలె.

వేసవి_వాన

ఇలా ఎవరూ విడమరిచి చెప్పలేదు అక్కా. ఎత్తుకునే మనిషి గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

కొండగట్టు_చల్లగాలి

అక్కా ఒక డౌటు, నీ టికెట్ బయటి దేశపోళ్ళు కొన్నరు కదా, దానికి కేంద్రం నుంచి పర్మిషన్ ఏమన్న తీసుకోవాల్నా? మా దగ్గర ఒకాయన భయపెడుతున్నడు.

లెక్కల_పంతులు

విదేశీ ఆతిథ్యానికి ముందస్తు అనుమతి శాసనసభ్యులు, ఎంపీలు, రాజకీయ పార్టీల పదవుల్లో ఉన్నవాళ్ళు, జడ్జీలు, ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ కార్పొరేషన్ల ఉద్యోగులకి. మామూలు సంస్థలో పనిచేసేవాళ్ళకి అక్కర్లేదు. ఆహ్వాన పత్రం, టికెట్ ఎవరు కొన్నారో చూపే కాయితం దగ్గర పెట్టుకుంటే చాలు.

లేమన్_సరస్సు

అండీ నేను జెనీవాలోనే ఉంటాను, సొంతూరు తెనాలి. భయపడకండి, కాలు బాగోని వాళ్ళకి ఈ ఊరు చాలా ఊళ్ళకంటే నయం. హోటల్‌లో ఉంటే ఊళ్ళో ట్రాములు, బస్సులు తిరగడానికి కార్డు ఉచితంగా ఇస్తారు, ముందే మెయిల్ పెట్టి అడగండి. ఎయిర్‌పోర్టు కిందే రైల్వే స్టేషన్, అక్కడ నుంచి కోర్నవాన్ అనే పెద్ద స్టేషన్‌కి ఏడెనిమిది నిమిషాలు. అక్కడ ట్రామ్ 15 ఎక్కితే నాసియోన్ అనే స్టాప్‌లో దిగడమే. ట్రామ్ తలుపు, ప్లాట్‌ఫామ్ ఒకే ఎత్తులో ఉంటాయి.

ఒక్క చోట జాగ్రత్త. జెండాల వరస కనిపించగానే అదే ఐక్యరాజ్యసమితి గేటు అనుకుని దిగి నిలబడతారు, సందర్శకుల గేటు అది కాదు. బ్యాడ్జి ఇచ్చే ప్రెన్యీ గేటు పైన ఉంది, రెడ్‌క్రాస్ మ్యూజియం ఎదురుగా, మామూలు మనిషికే పది నిమిషాల ఎత్తు. మీరు నడవొద్దు, ఆపియా అనే స్టాప్‌కి బస్సు పట్టుకోండి. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. పాత ఊరు మాత్రం చూడాలని పోకండి, అంతా గుట్ట మీద రాళ్ళు పరిచిన దారి, కర్ర జారుతుంది.

నాసియోన్ చౌరస్తాలో ఒక పెద్ద కుర్చీ ఉంటుంది, పన్నెండు మీటర్లు, చెక్కది. దాని దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

పాలమూరు_దారి

అందరికి దండాలు. డాక్టరు సూదిమందు రాసిచ్చిండు, బూటు మందం చూసి కుడి కాలికి గూడ కొన్న. ఎస్ రాయించిన.

నిన్న అధ్యక్షుడు మా ఇంటికి వచ్చిండు, బస్సు దిగి కిలోమీటర్ నడిచి. నేను కర్రలు పట్టుకొని నిలబడ్డది చూసి కోపం చేసిండు. "చంకల బరువెయ్యకు మేడమ్, చెయ్యి తిమ్మిరెక్కుతది, పిడికిలి మీద ఎయ్యి" అన్నడు. కర్ర పై మొనకు చంకకు మధ్యల రెండు వేళ్ళు పట్టాలె అని తన వేళ్ళు పెట్టి చూపిచ్చిండు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. మా గడప మీద పది సార్లు ఎక్కిచ్చి దింపిచ్చిండు. కర్ర కింద రబ్బరు బొడ్డు అరిగింది చూసి తన జేబులకెల్లి కొత్తది తీసి గట్టిగ ఒత్తి తొడిగిండు. ఆయన జేబుల ఎప్పుడు ఒకటి ఉంటదట. పన్నెండేండ్లు ఆయన పక్కపొంటి తిరిగిన, ఆ రబ్బరు సంగతి నాకు తెల్వదు.

పొయ్యేటప్పుడు ఒక్కటే చెప్పిండు, మన క్యాంపు మేడ మీద పెడుతున్నరని చెప్పు అని.

పాలమూరు_దారి

జెనీవా నుంచి రాస్తున్న. మారే చోట విమానం దూరంగనే ఆపిన్రు, లిఫ్ట్ బండి వచ్చింది, గల్ఫ్_గాలి తమ్మీ నీకు పుణ్యముంటది. తర్వాత మాత్రం ఒక మూలకు కుర్చీల కూసోబెట్టి గంటా ఇరవై నిమిషాలు ఎవరు రాలే. బాత్రూం ఎదురుంగనే కనపడుతున్నది, బ్యాగు ఒళ్ళె ఉన్నది, కర్రలు కౌంటర్ల పెట్టిన్రు. నీళ్ళు తాగొద్దని అప్పుడే నిర్ణయం చేసుకున్న. మా సంఘం ఆడోళ్ళు క్యాంపుల రోజు పొద్దున సంది నీళ్ళు తాగకపొయ్యేది, నేను తాగండమ్మ అని మందలిచ్చేదాన్ని. ఇంక ఎన్నడు మందలియ్య.

మీటింగుల మూడు నిమిషాలు అన్నరు గని రెండున్నరకే గంట కొట్టిన్రు. రాసుకున్న కాగితం పక్కన పెట్టిన. మా దేశం 2007ల ఈ వికలాంగుల హక్కుల ఒప్పందం మీద సంతకం చేసి ఆమోదించింది, 2016ల కొత్త చట్టం తెచ్చుకున్నం, 21 రకాల వైకల్యాలు గుర్తిస్తున్నం, అయినా మా కాడ వైకల్యం ఉన్నదని రాసిచ్చే క్యాంపు మేడ మీద పెడుతున్నరు, ఇది చెప్పాల్సిన మనిషి తోడు మనిషికి టికెట్ లేక ఇంటి దగ్గర ఆగిపోయిండు అని చెప్పిన. దాతల మనిషి రెండో వరసలనే ఉన్నది. ఐపోయినంక వచ్చి వచ్చే ప్రపోజల్‌ల ఆ లైను పెట్టి పంపుమన్నది. మాట అన్నది, కాగితం మీద ఇంకా రాలె.

కుర్చీ కాడికి పోయిన. నాలుగు కాళ్ళల్ల ఒకటి మధ్యలకు ఇరిగి చీలికలు చీలికలుగ ఉన్నది, మిగిలిన మూడింటి మీద నిలబడ్డది.

లేమన్_సరస్సు

అది మందుపాతరల బాధితుల కోసం పెట్టింది అండీ. డానియల్ బెర్సే అనే కళాకారుడిది, 1997లో, మందుపాతరల నిషేధ ఒప్పందం మీద దేశాలు సంతకాలు చేసేదాకా మూడు నెలలే అనుకున్నారు. ఇప్పటికీ ఉంది. మధ్యలో చౌరస్తా బాగుచేసేటప్పుడు తీసి 2007లో మళ్ళీ పెట్టారు. రేపు హాలు దాకా మీతో నేనొస్తాను, సగం రోజు సెలవు పెట్టాను, వద్దనకండి.

గోదారి_గట్టు

టాక్సీ బిల్లు దాచుకోండి అక్కా. ఇచ్చినా ఇవ్వకపోయినా అడగండి. అడక్కపోతే అవసరం లేదనుకుంటారు.

పాలమూరు_దారి

ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఎక్స్‌రేల ఎముక అతుకుతున్నది అన్నరు, బూటు తీసేసిన. టాక్సీ మూడు బిల్లులల్ల ఒకటి ఇచ్చిన్రు, రెండు తిరగ్గొట్టిన్రు, మళ్ళ రాసిన. కొత్త ప్రపోజల్‌ల పంతులుగారు చెప్పినట్టె లైను పెట్టినం, ఫీల్డు వాళ్ళందరికి ప్రమాద బీమా గూడ కార్యక్రమం కిందనే రాసినం, అధ్యక్షుడే కూసోని రేట్లు చెప్పిండు, పోను రాను ఇద్దరి టికెట్లు.

బూటు మీడియం సైజు, కుడి ఎడమ తేడా లేదు. లోపలి మెత్తటి గుడ్డ ఉతికి ఎండకు ఆరేసిన, పట్టీలు మంచిగనే ఉన్నయి. సంస్థలల్ల పనిచేసేటోళ్ళకు ఎవరికన్న కావాలంటె పంపిస్త, కొరియర్ నేనే కడ్త.

కొండగట్టు_చల్లగాలి

అక్కా మా దగ్గర సర్వే చేసే పిల్ల నిన్ననే బండి మీదకెల్లి పడ్డది, కుడి పాదం. డాక్టరు బూటు అన్నడు, నాలుగు వేలు చెప్పిన్రు. పిల్ల పాదం 24 సెంటీమీటర్లు ఉంటది, మీడియం సరిపోతదా?

ఎముకల_వార్డు

కాలికి తొడిగి చూసుకోవాలి. ముందు ఆ అమ్మాయి ఎక్స్‌రే నాకు పంపండి.